బానెట్ మీద కూర్చున్న మనిషి

మీ అమ్మమ్మ చెప్పిందా ఆ కథ? చెప్పే ఉంటుందిలే. మా అక్కకి ఆ కథ చెప్పందే నలుగురు చేరిన ఏ భోజనమూ పూర్తయ్యేది కాదు. "మీ తాత ఒకసారి పరాయివాళ్ల కారు బానెట్ ఎక్కి కూర్చున్నాడే, దిగమంటే దిగడు, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు!" అని. నువ్వూ నవ్వుతున్నావు. నవ్వు, నవ్వొచ్చే సంగతే. కూర్చున్నమాట నిజం. కానీ మీ అమ్మమ్మ అక్కడ లేదు తల్లీ, నేనున్నాను. నీ చేతిలో ఆ కారు ఫ్యాన్‌ని నేల మీద పెట్టకు, బల్ల మీద పెట్టు. రెక్క వంగిందంటే ఇక జన్మలో తిన్నగా తిరగదు. ఎక్కడ దొరికింది? తుక్కులోకి వెళ్లిన కార్లోదా? నీ పాత కారుకి పెట్టాలనా? మోటారు బాగానే ఉంది, చూడు, వేలితో తోస్తే ఎంత తేలిగ్గా తిరుగుతోందో. ఆ, వేలితో... సరే కూర్చో. ఆ డబ్బా మీద వద్దు, మూత ఊడి లోపల పడతావు. ఇటు కూర్చో.

మీ తాత, అంటే మా బావ, మంచి మెకానిక్కే. అయితే మెకానిక్కులకి ఉండాల్సిన మొండిధైర్యం మాత్రం ఆయనకి లేదు. పని అయిపోయింది, బండి వెళ్లిపోయింది, ఇక మన చేతుల్లో ఏముంది అనుకునే రకం కాదు. బండి వీధి మలుపు తిరిగాక ఉన్నట్టుండి నిలబడిపోయేవాడు. "ఒరేయ్, వెనక కుడి చక్రం నట్లు బిగించానా?" "బిగించావు బావా, నా కళ్లముందే బిగించావు." "నాలుగోదీ బిగించానా?" నేనెన్ని ఒట్లు వేసినా లాభం లేదు, చెయ్యి తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని పరుగే. ఊళ్లో వాళ్లకిదో వేడుక. ఎవడైనా కారు రిపేరు చేయించుకుని వెళుతుంటే, "అద్దంలో చూసుకుంటూ నడుపు, మీ మెకానిక్కు వెనక వస్తున్నాడేమో" అనేవాళ్లు. ఆయన వినీ విననట్టు ఊరుకునేవాడు. నాది పక్క కొట్టు. కార్ల కరెంటు పని, లైట్లు, హారన్లు, బ్యాటరీలు. ఇనప పని ఆయనది, వైర్ల పని నాది. మధ్యలో రేకు గోడ. గోడకో కంత ఉండేది, అందులోంచే పానాలూ టీ గ్లాసులూ అటూ ఇటూ వెళ్లేవి. ఆ కంత మీద మా ఇద్దరికీ రోజూ తగువే, ఎవరు మూయించాలని. ఎవరూ మూయించలేదు. ఆ సంగతి ఇప్పుడెందుకులే.

నర్సమ్మగారు అని ఒకావిడ ఉండేది. పురుళ్ల నర్సు. ఇంటింటికీ వెళ్లి కాన్పులు చేసేది. ఈ ఊళ్లో నలభై దాటినవాళ్లలో సగం మందిని లోకంలో మొదట ముట్టుకున్న చెయ్యి ఆవిడదే. ఆవిడకో పాత కారు, ఇదిగో నీ కారుకి అక్క వరస. దాని ఫ్యాన్ ఇంజన్ బెల్టుతో తిరిగేది. ఇంజన్ జోరుగా ఉంటే జోరుగా తిరిగేది, కారు ఏ సందులోనో ఇరుక్కుని ఆగితే అదీ నీరసపడేది. ఇక రేడియేటర్లో నీళ్లు కుతకుతా ఉడికేవి. ఆవిడ వచ్చి మా బావ మీద పడేది. "నీ కారు చల్లారేదాకా కడుపులో బిడ్డ ఆగుతుందా నాయనా? వాడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని. కారు ఆవిడదే, కానీ పొగలు కక్కినప్పుడల్లా "నీ కారు" అయిపోయేది.

మా బావ అంతకు చాలా ఏళ్ల కిందట ఆవిడకో మాట నేర్పాడు. బయల్దేరే ముందూ, ఆగాకా, ఇంజన్ ఆపేసి బానెట్ ఎత్తి, బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూడమని. ఇంత కుంగితే మంచిదే, అంతకన్నా కుంగితే నా దగ్గరికి రండి అని. ఆ రోజుల్లో అది చాలా మంచి మాట. ఇంజన్ ఆగితే ఫ్యాన్ చచ్చినట్టే, చెయ్యి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆవిడ ఆ అలవాటుని ఎలా పట్టుకుందంటే, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా వేలు నేరుగా బెల్టు మీదకే వెళ్లేది. ఎవరితోనో మాట్లాడుతూ, అటెటో చూస్తూ నొక్కేసి బానెట్ వేసేసేది.

చివరికి ఆ బాధ పడలేక కరెంటు ఫ్యాన్ పెడదామన్నాడు బావ. పాత ఫ్యాన్ ఊడదీసి, నీళ్ల పంపుని తిప్పే బెల్టుని మాత్రం ఉంచి, దానికి కాస్త ఇవతల, రేడియేటర్ని ఆనించి ఈ కొత్తది బిగించాడు. నీళ్లు వేడెక్కగానే ఓ చిన్న స్విచ్చి దాన్ని తిప్పుతుంది, ఇంజన్‌తో పనిలేదు. వైర్ల పని నాది. కంతలోంచి తల పెట్టి చెప్పాడు: "కరెంటు తాళం దగ్గర్నుంచి తియ్యిరా. తాళంచెవి తీస్తే ఫ్యాన్ ఆగిపోవాలి." అలాగే అన్నాను. అని, బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చాను. ఎందుకంటావా? బద్ధకం కాదమ్మా, బద్ధకమైతే బాగుండేది. తెలివి! ఇంజన్ ఆపాకే కదా లోపల వేడి మరీ ఎక్కువయ్యేది, అప్పుడు కూడా ఫ్యాన్ తిరిగితే ఇంజన్‌కి ఎంత మంచిది! ఈ ముసలాయనకి ఇనుము తెలుసు గానీ కరెంటు ఏం తెలుసు అనుకున్నాను. తర్వాత చెప్పి మెప్పు పొందుదామని.

ఆవిడ మధ్యాహ్నం వచ్చి కారు తీసుకెళ్లింది. కాసేపటికి చెప్పాను, మహా గొప్పగా. "బావా, నీ ఫ్యాన్ తాళం తీశాక కూడా తిరుగుతుంది తెలుసా!" ఆయన చేతికి సబ్బు రాసుకుంటున్నాడు. సబ్బు అలాగే ఉంది. అరిచాడా అంటే అరవలేదు. తన బొటనవేలు వంక చూసుకున్నాడు, అంతే. "ఆవిడ నొక్కి చూస్తుందిరా" అన్నాడు. నాకు అప్పుడు తట్టింది. ఇంజన్ ఆగి ఉంటుంది, చప్పుడుండదు, ఆవిడ అటెటో చూస్తూ చెయ్యి పెడుతుంది. ఆ చేతి మీదే కదా ఆవిడ బతుకు. ఆవిడదే అనేముంది, ఆ చేతి కోసం ఊళ్లో ఎన్ని ఇళ్లు కాచుకుని ఉంటాయి!

నా స్కూటరు మీద బయల్దేరాం. వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు, సబ్బు చేత్తోనే. ఆవిడ ఇంటికి వెళ్తే పనిమనిషి చెప్పింది, ధాన్యం మిల్లు వెనక వీధిలో కాన్పుందని. ఆ వీధికెళ్తే కారు ఓ ఇంటి ముందు ఆగి ఉంది. అప్పుడే వచ్చినట్టుంది, ముందు భాగం సెగలు కక్కుతోంది. బానెట్ మూసే ఉంది. లోపల్నుంచి కేకలు వినబడ్డాయేమో, ఆవిడ బెల్టు సంగతి చూడకుండానే పరుగెత్తి ఉంటుంది. లోపలికి ఎవరు వెళ్తారు? మగాళ్లం. గుమ్మంలో ఒకాయన, పుట్టబోయేవాడి తాత అనుకుంటా, చెయ్యి అడ్డం పెట్టి, "కారు సంగతి తర్వాత, ముందు మా పిల్ల సంగతి కానివ్వండయ్యా" అన్నాడు. న్యాయమే కదా. వైరు పీకేద్దామంటే బానెట్ గొళ్లెం కారు లోపల, కారుకి తాళం. మేమలా నిలబడి ఉండగానే లోపల ఫ్యాన్ గిర్రున తిరిగింది. తాళం లేదు, మనిషి లేడు, ఇంజన్ లేదు, దానంతటది తిరుగుతోంది. మా బావ వెళ్లి బానెట్ మీద కూర్చున్నాడు. ఎండకి కాలి, లోపలి వేడికి కాలి, పెనంలా ఉంది ఆ రేకు. కిందో గుడ్డ వేసుకున్నాడు, అంతే.

అదీ మీ అమ్మమ్మ కథ. వీధంతా చేరింది. "కారు జప్తు చేశారా?" అని ఒకడు. "గుడ్లు పొదుగుతున్నాడు" అని ఇంకొకడు. రెండు గంటలైంది, మూడు గంటలైంది. నేనన్నాను, "బావా, ఇంజన్ ఎప్పుడో చల్లారిపోయింది, ఇవాళ ఇక తిరగదు. రేపొచ్చి చెబుదాం పద" అని. "ఇవాళ ఇక్కణ్ణుంచి ఇంకో ఇంటికి వెళ్తే?" అన్నాడు. "ఈ సంగతి తెలియకుండా ఆవిడ ఒక్కసారి కూడా ఇది ఎత్తకూడదు."

పొద్దు వాలుతుండగా వచ్చింది నర్సమ్మగారు, తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ. ఆడపిల్లట. ఈయన ఆవిడ మొహం చూడలేదు, ఆ చేతులు చూశాడు. రెండూ చూశాడు, మార్చి మార్చి. అప్పుడు దిగాడు. "ఏమిటయ్యా, నీ కారు పారిపోతుందనా?" అందావిడ. చెప్పాడు. ఆవిడ నవ్వడం ఆపేసింది. "చెప్పావు సరే. కానీ ఈ వేలికి నువ్వు నేర్పావు, అది నన్నడిగి వెళ్తుందా ఇప్పుడు?" అంది. "అందుకే ఇప్పుడే మార్చేస్తామమ్మా" అని నావైపు చూశాడు. నేను స్కూటరు డిక్కీలోంచి సంచి తెచ్చి, బానెట్ ఎత్తి, తల లోపల పెట్టాను. వైరు తీసి తాళం వైపు కలుపుతున్నాను.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. మా బావ షెడ్డులో వైర్లు ముట్టుకోనివ్వకండని నర్సమ్మగారు ఊరంతా చెప్పింది. జనం ఏమన్నారో తెలుసా? "వైర్ల పనికి ఆయన దగ్గరికెందుకు, పక్కనే బావమరిది ఉన్నాడుగా, అతని చేత చేయించండి" అన్నారు. నా కొట్టు ముందు బండ్లు బారులు తీరాయి. కంతలోంచి టీ గ్లాసు అందిస్తూ మా బావే నవ్వేవాడు.

ఎందుకంటే, అక్కడ... నేను తల లోపల పెట్టి ఉన్నప్పుడు ఆవిడ అడిగింది, "ఇంతకీ ఎవరయ్యా ఇలా పెట్టిన మహానుభావుడు?" అని. మా బావ, "నా షెడ్డులో జరిగిందమ్మా, నేనే" అన్నాడు. నా చెవులకి వినబడింది. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది. ఆ స్క్రూ అప్పటికే బిగిసింది. తల పైకెత్తాలంటే ఎంతసేపు పడుతుంది? ఎత్తలేదు. బిగిసిన స్క్రూనే తిప్పుతూ ఉన్నాను. ఆవిడ వెళ్లిపోయేదాకా తిప్పుతూనే...

వాన వచ్చేట్టుంది. ఆ కిటికీ వెయ్యమ్మా.