ముందు బెంచీ పిల్ల

బడి వదిలాక హెడ్‌మిస్ట్రెస్ పిలిపిస్తే, చరిత్ర టీచర్ చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ ఆవిడ గదిలోకి వెళ్ళింది.

“నియంతల పాఠం మొదలుపెట్టావటగా?”

“నిన్ననే, మేడమ్. పుస్తకంలో ఉన్నదేగా.”

“ఉంటే ఉండనీ. దాన్ని వదిలేసి తర్వాతి పాఠం చెప్పుకో తల్లీ.”

“ఎవరైనా వద్దన్నారా?”

“ఎవరూ అనలేదు.”

“పైనుంచి ఆర్డరేమైనా వచ్చిందా?”

“వచ్చేదాకా కూర్చుంటే కొంప మునుగుతుంది. పక్క బడి లెక్కల మాస్టారు క్లాసులో ఏదో జోకు వేశాడు. వారమైంది, మనిషి ఆచూకీ లేదు. ఎక్కడున్నాడని అడగడానికి ఆయన భార్యే భయపడుతోంది. నీకూ ఇంట్లో చంటిపిల్ల ఉంది.”

“పాఠంలో ఉన్నది సరిగ్గా అదే కదా మేడమ్! ఒక్కణ్ణి మాయం చేస్తే చాలు, మిగతావాళ్ళు తమంతట తామే నోళ్ళు కుట్టేసుకుంటారని. అది పిల్లలకి తెలియొద్దా?”

“మెల్లగా మాట్లాడు.”

చరిత్ర టీచర్‌కి ఒళ్ళు మండింది. గొంతు మాత్రం దానంతటదే తగ్గింది.

“నిన్న ఏమైందో తెలుసా? బోర్డు మీద పాఠం పేరు రాశానో లేదో, ముందు బెంచీ పిల్ల లేచి వెళ్ళి తలుపు వేసొచ్చింది. నేను వెయ్యమనలేదు. ఎందుకు వేశావని క్లాసులో ఒక్కరూ అడగలేదు.”

హెడ్‌మిస్ట్రెస్ తన గది తలుపుకేసి చూసింది.

“అయితే ఆ పాఠం వాళ్ళకి వచ్చేసిందమ్మా. ఇంక నువ్వు చెప్పేదేముంది?”