ఒక అంకె పక్కన

కోయంబత్తూరులో ఒక ల్యాబు. నూలుమిల్లులో పనిచేసే ఆమె, ల్యాబు వెబ్‌సైటు రాసినతని ముందు తన ఫోను పెట్టింది. మిల్లువాళ్ళు ఆమెను పనిలోంచి తీసేసి నాలుగు రోజులైంది.

"నాకు టీబీ అని మా మేస్త్రీకి ఎవరు చెప్పారు తంబీ?"

"మేం చెప్పలేదక్కా. రిపోర్టు లింకు మీ ఫోనుకే పంపాం."

"ఆ లింకు చివర ఏముందో చదువు."

"రిపోర్ట్ డాట్ పీహెచ్‌పీ. అది పేజీ పేరు. తర్వాత ప్రశ్నార్థకం, ఐడీ ఈక్వల్‌టు 4171. అది మీ నంబరు. దాన్ని బట్టే పేజీ మీ రిపోర్టు తెస్తుంది."

"నేను పరీక్షకొచ్చిన రోజే షుగరు పరీక్షకని మేస్త్రీ వరసలో నా ముందు నిలబడ్డాడు. ఆయనది 4170. తన లింకులో ఆ నంబరుకి ఒకటి కలిపాడు."

"అలా మార్చడం తప్పు. వెళ్ళి ఆయన్ని అడగండి."

"గొళ్ళెం పెట్టనిది నువ్వు. వచ్చినవాడు ఎవడని నీ పేజీ అడగదా?"

"అంత పని ఎవరు చేస్తార్లే అనుకున్నాం."

"నువ్వే చెయ్యి. 4172 కొట్టు."

అతను కొట్టాడు. పేజీ తెరుచుకుంది. అందులోని పేరు ఆమె కంటపడేలోపే ఫోను తనవైపు తిప్పుకున్నాడు.

"ఇది మీరు చూడకూడదక్కా."

"నా పేరు వచ్చినప్పుడు అలా తిప్పేవాళ్ళు లేకపోయారు."