ఆ ఒక్క పేపరు తీసేసి లెక్కపెట్టు

అది కాదక్కా, నాకు మతి పోలేదు. లెక్క తగ్గించమనే అడుగుతున్నాను. పదకొండేళ్ళుగా ఈ లైబ్రరీలో కూర్చున్నావు, నీ దగ్గరికి అందరూ పెంచమనే వచ్చుంటారు. తగ్గించమని వచ్చినవాళ్ళలో నేనే మొదటిదాన్నేమో. ఒక కుర్చీ అయినా వెయ్యొచ్చుగా.

నవ్వావు, హమ్మయ్య. ఇప్పుడు విను.

మా గైడు సార్ ఫైలు ఇవాళ సాయంత్రం ఐదుకల్లా పైకి వెళ్ళాలి. ప్రొఫెసర్ పోస్టు కోసం. ఎలక్ట్రానిక్స్‌లో ఆయనవి అరవై ఒక్క పేపర్లు. వాటిని బయటివాళ్ళు తమ పేపర్లలో కనీసం వెయ్యిసార్లు ప్రస్తావించి ఉండాలి, ఆ లెక్క కింద లైబ్రరీ సంతకం ఉండాలి. అదీ రూలు. మొత్తం సైటేషన్లు 1,148. మన గురించి మనమే రాసుకున్నవి 131. అవి పోతే 1,017. పదిహేడు మిగులు. నువ్వు సంతకం పెడితే సార్ గట్టెక్కినట్టే.

ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్నారు పాపం. ఆయన తర్వాత చేరినవాళ్ళు ఆయన సెలవు చీటీల మీద సంతకాలు పెడుతున్నారు.

మరి నీకేం పోయేకాలం అంటావా? వరుసలో మొదటిది చూడు, యాంటెన్నా పేపరు, 214 సైటేషన్లది. దాన్ని తీసేసి లెక్క వెయ్యి. కారణం ఏదో ఒకటి రాసెయ్. డేటాబేసులో వివరాలు సరిగ్గా కలవలేదనో ఏదో. నువ్వు తీసేశావంటే సార్ మారుమాట్లాడరు. నీ లెక్కంటే ఆయనకి గురి.

ఆగాగు, 803 కాదు. ఆ 214లో 23 మనవే. వాటిని 131లో ఒకసారి తీసేశాం కదా, మళ్ళీ తీస్తే రెండుసార్లు తీసినట్టు. 826 అవుతుంది. అందరూ నన్ను క్యాలిక్యులేటర్ అని ఊరికే అంటారా?

ఏంటలా చూస్తావు?

సరే, చెప్తాను. ఈ రెండుసార్ల గొడవే నాదీను.

యాంటెన్నా సత్తా ఎంతో కొలిచేటప్పుడు, దానికీ కొలిచే యంత్రానికీ మధ్య ఒక కేబుల్ ఉంటుంది. సిగ్నల్లో కొంత అదే మింగేస్తుంది. మాది మింగింది 1.6 డెసిబెల్. మింగినంతా మనం తిరిగి కలుపుకోవాలి. అది మోసం కాదు, పద్ధతే. ఆ రోజు పొద్దున్నే ల్యాబ్ బాబాయి యంత్రంలోనే కలిపేశాడు. కలిపానని బోర్డు మీద రాశాడు కూడా. నేను బోర్డు చూడలేదు. నా షీట్లో మళ్ళీ కలిపాను. 10.2 రావాల్సింది 11.8 వచ్చింది.

అరచెయ్యంత పలకలాంటి మా యాంటెన్నాకి 11.8 అంటే, ఒంటిచేత్తో లారీని తోసినట్టక్కా. సార్ కూడా రెండుసార్లు అడిగారు, నిజమేనా అమ్మా అని. నిజమే సార్ అన్నాను. అప్పటికి నిజమనే అనుకున్నాను.

మొన్న ఈ ఫైలు కోసం నాలుగు రోజులు కూర్చుని, బయటివాళ్ళ 191 పేపర్లూ చదివాను. అన్నిట్లోనూ ఒకటే వరస. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే ఎక్కువ అని మా అంకె రాసి, పక్కన వాళ్ళ అంకె రాసుకున్నారు. చేసి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక్కమ్మాయి చేసింది. పేపరు రాయలేదు, మెయిల్ పెట్టింది. ఎక్కడో వేరే కాలేజీలో నాలాగే రిసెర్చి చేసుకుంటోంది. 'మీరిచ్చిన కొలతలతోనే ఆరుసార్లు చేశాను మేడమ్, 10.2 దాటట్లేదు. ఎనిమిది నెలలైంది. నా తప్పెక్కడుందో చెప్పగలరా' అని. నన్ను మేడమ్ అన్నది ఆ పిల్ల ఒక్కతే, ముందు దానికే మురిసిపోయాను.

సార్‌కి తెలీదు. చెప్తే ఏమంటారో మాత్రం నాకు తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'పేపరు వెనక్కి తీసుకుందాం, ఎడిటరుకి ఉత్తరం రాయమ్మా' అంటారు. గొంతు కూడా పెంచరు. తిట్టే మనిషైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. ఆ తప్పు అంకె మీద ఆయన ప్రొఫెసరైతే, రేపు బయటపడ్డప్పుడు పోయేది ఆయన పరువే. అందుకే నీ దగ్గరికొచ్చాను. నువ్వు తగ్గిస్తే, ఏదో లెక్క తగ్గిందిలే అనుకుంటారు. నా దాకా రాదు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం కూడా ఆ 11.8 మీదే నిలబడింది, దానికి తర్వాత ఏడుస్తాను.

అవునులే, నీ చేత అబద్ధం రాయించడమే. ఒప్పుకోవని తెలిసే అడిగాను.

వెళ్తున్నా. మూడున్నరే కదా అయింది, సార్ గదిలోనే ఉంటారు. ఆ ఫైలు ఇటివ్వు, నేనే పట్టుకెళ్తాను.

ఎవరికి, ఆ పిల్లకా? జవాబు అప్పుడే ఇచ్చాను. మీ సోల్డరింగ్ అతుకులు ఒకసారి చూసుకోండి అని రాశాను.

లేదక్కా, తెలియక కాదు. మెయిల్ చదవగానే నా షీట్ తెరిచాను. ఐదు నిమిషాల్లో తప్పు దొరికింది. ఆ తర్వాతే రాశాను.

నిన్నా మొన్నా కాదు, రెండేళ్ళు దాటింది. అప్పటికి ఆ పేపరుకి సైటేషన్లు తొమ్మిదే. తొమ్మిదే కదా అనుకున్నాను.