బెల్లం పాకంతో అచ్చయిన పాటలు

ఆదివారం పూజ అయ్యాక గుడి వరండాలో టీలు తాగుతున్నాం. గుడికి కొత్త కంప్యూటరు వచ్చింది గాని, పాత ప్రింటరు వైరు పట్టే చోటు దానికి లేదు. వేరే వైరు తెప్పించి పాతదాన్నే వాడడమా, కొత్తది కొనడమా అన్నది ఈ పూట తేల్చమని చెప్పి ఫాదరుగారు లోపలికి వెళ్ళారు. పద్నాలుగేళ్ళుగా ఆ ప్రింటరు మీద పాటల కాగితాలు తీస్తున్నది అంతోనమ్మ. కొత్తది వస్తే ఆ పని జాన్ బాబుకి అప్పగిద్దామని కొందరి మాట. అంతోనమ్మకి అది వినబడింది.

"పాతది పాతదంటన్నారు గాని, దాని సంగతి మీకేటి తెలుసు? ఓ ఈస్టరు ముందు రోజు దాని సిరా రిబ్బను ఎండిపోనాది. కొట్లు మూసేసేరు. తెల్లారితే పాటలు కావాల. నేనేటి సేసేను? బెల్లం పాకం పల్చగా కాసి రిబ్బనుకి రాసేను."

"అచ్చు పడిందా అత్తా?" అన్నాడు జాన్ బాబు.

"పడింది గాని కంటికి ఆనదు. తెల్ల కాయితం తెల్లగానే ఉంది. సరే, బల్ల మీద పెట్టేసి వంటింట్లోకెళ్ళేను. ఆ తరవాత ఏటయిందో తెలుసా? సీమలొచ్చేయి."

"చీమలా?"

"నల్ల సీమలు. అక్షరాల మీద గీత తప్పకుండా నిలబడిపోనాయి. వత్తులున్న కాడ పిల్లసీమలు. సున్నా కాడ గుండ్రంగా, ఒకదాన్నొకటి పట్టుకుని. అచ్చాఫీసులో కూడా అంత నల్లగా పడదు."

టీ గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి.

"తెల్లారి గుడిలో మనం పాడతంటే, ఒక చరణం అవ్వగానే కిందికి దిగి రెండోది రాసీవి. ఇదిగో, ఈ రత్నరాజు శృతి తప్పితే అక్కడే ఆగి తలలెత్తి సూసీవి."

"ఆ రోజు నాకు గొంతు పట్టింది వదినా," అన్నాడు రత్నరాజు.

"అవన్నీ తుమ్మపాల పంచదార ఫ్యాక్టరీ కాణ్ణించి వచ్చినవి. పంచదార వదిలేసి మరీ వచ్చేయి. అక్కణ్ణించి గుడి దాకా రోడ్డు మీద ఒకటే నల్లగీత. బస్సు డ్రైవరు బస్సాపి, దిగి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. తరవాతి ఆదివారాలూ వచ్చేయి. మూడో ఆదివారం నేను ప్రింటరు ముట్టుకోనే లేదు. పాకమూ లేదు. ఉత్త కాయితం పెడితే పాట రాసేయి. ఏ పుస్తకంలోనూ లేదది. ఎవరూ నేర్పకుండా అందరం ఒక్క గొంతుతో పాడేం. పాడి ఏడిసేం."

నేనూ పాడినట్టే అనిపించి, ఆ రాగం కోసం లోలోపల వెతుక్కున్నాను.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న కృపాజ్యోతి మెల్లగా అంది. "పెద్దమ్మా, కొత్తదాని మీటలు గుర్తుండవనా, ఇదంతా?"

అంతోనమ్మ గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పింది.

"ఎన్నుంటాయే?"

"మూడు."

"మూడేనా?" గ్లాసు కింద పెట్టింది. "జాన్ బాబూ, కొత్తదే తెప్పించు. ఒసే పిల్లా, ఏది ముందు నొక్కాలో రాసి దానికే అంటించు. పెద్దక్షరాలు."