వెనక లైట్లు

మధ్యాహ్నం మూడు గంటలు. కార్లకు కరెంటు పని చేసే రేకుల షెడ్డు. నేలబారుగా ఉండే పాత స్పోర్ట్స్ కారు వెనక పీట వేసుకుని మేస్త్రి, ఆ పక్కన స్టూలు మీద ఆ కారు తెచ్చినావిడ.

"కోయనమ్మా. ఇంకోసారి అడగొద్దు."

"కోయకపోతే కొత్త లైట్లు ఎలా పడతాయి మేస్త్రిగారూ? డబ్బా మీద బొమ్మ చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గీత."

"చూశాను. పొద్దుటి నుంచి నాలుగుసార్లు చూపించారు. దుకాణం బోర్డులా ఉంది."

"బాగా కనిపిస్తుంది కదా. నాకు అదే కావాలి."

"కనిపిస్తుంది. పైన పోయే విమానానికి కూడా కనిపిస్తుంది, దిగొచ్చనుకుంటుంది. అమ్మా, ఈ బండిదీ నాదీ ఒకటే ఈడు. ఈ లైట్ల అద్దాలు చూడండి, లోపలంతా వజ్రం కోసినట్టు కోసి ఉంటాయి. ఇప్పుడు కాళ్ళరిగేలా తిరిగినా దొరకవు. వాటిని గ్రైండరు పెట్టి కోసి పారేసి, ఆ కన్నంలో ఈ ప్లాస్టిక్ బద్ద అతికించమంటారు. నాకు చేతులు రావు."

"అన్నయ్య అలాగే చెయ్యించమన్నాడు."

"బండి మీదా, అన్నయ్యగారిదా?"

"అన్నయ్యది. అంటే... నిన్నటి నుంచి నాది."

"కొన్నారా?"

"ఇచ్చాడు. తాళాలు, ఈ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'తీసుకో, నువ్వే నడుపుకో. కానీ ముందు వెనక లైట్లు మార్పించు' అన్నాడు."

"ఇలాంటి బండి ఇస్తే నేనైతే గంతులేసేవాణ్ణి, మోకాళ్ళు సహకరిస్తే. మీరేంటమ్మా, ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నారు?"

"నిద్ర చాలలేదు."

"రాత్రి పడుకోలేదా?"

"రాత్రనేం కాదు. చాలా కాలం నుంచి. మీరు కోస్తారా, ఇంకో చోటికి తీసుకెళ్ళనా?"

"కూర్చోండి, కూర్చోండి. అంత తొందరైతే ఎలా? నేనో దారి చెబుతాను. పైన అద్దాలు ఇవే ఉంటాయి. లోపల బల్బు పీకేసి, ఎల్ఈడీ వేస్తాను. బండి అందం చెడదు, వెలుగు నాలుగింతలవుతుంది."

"వానలో కూడా కనిపిస్తుందా?"

"వానలో కనిపిస్తుంది."

"బ్రేకు తొక్కితే వెనక వాడికి చప్పున తెలియాలి. నిద్రలో ఉన్నా ఉలిక్కిపడి లేవాలి."

"వెనక వాడు, వెనక వాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. ఎవడమ్మా వాడు?"

"ఎవరో ఒకరు. రోడ్డన్నాక వెనక ఎవరో ఒకరు ఉంటారు కదా."

"ముందు ఎడమ రేకు కొత్తది. పుట్టీ మందంగా పూశారు, వేలితో కొడితే తెలుస్తోంది. వెనకేమో బంపరొక్కటే మార్చారు. ఎవరో వెనక నుంచి గుద్దారు, ఇది పోయి దేనికో కొట్టుకుంది. అంతేనా?"

"మీరు కరెంటు పని చేస్తారా, సోది చెబుతారా?"

"రెండూ చేస్తే గానీ గడవడం లేదు. దేనికి కొట్టుకుంది?"

"వంతెన గోడకి."

"నడిపింది అన్నయ్యగారా?"

"ఊఁ."

"ఆయనకి..."

"కుడి మోకాలు. అప్పటి నుంచి వంగదు. పెడల్ తొక్కలేడు. పదకొండేళ్ళుగా బండి ఆయనింటి షెడ్డులోనే. ప్రతి ఆదివారం కర్ర పట్టుకుని వస్తాడు. నేను లోపల కూర్చుని స్టార్టు చెయ్యాలి. ఆయన కింద కూర్చోలేడు, నిలబడే చుట్టూ తిరిగి తుడుచుకుంటాడు. మళ్ళీ గుడ్డ కప్పేస్తాం."

"పాపం. బండంటే ప్రాణమన్నమాట. ఆ గుద్దిన వాడు దొరికాడా, తుర్రుమన్నాడా?"

"ఎక్కడికీ పోలేదు."

"ఏం శిక్ష పడింది?"

"శిక్షా? రోజూ పొద్దున ఆయన కాలికి నూనె రాయడం. మెట్లు దింపడం. ఆస్పత్రికి తిప్పడం. వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం ఉంటే మానేసి ఆయనింటి పక్క వీధిలోకి మారడం. అరవకుండా, ఎదురు చెప్పకుండా పడి ఉండడం."

"అమ్మా..."

"ఏంటి, పని ఆపారు?"

"స్క్రూడ్రైవరు జారింది. మీరేనా?"

"నేనే. వెనక బండి నాది. అలా చూడకండి. అందరూ అలాగే చూస్తారు. ఇద్దరం పెద్దమ్మ వాళ్ళింటి నుంచి వస్తున్నాం. సాయంత్రం, సన్నగా వాన. ముందు ఆయన, వెనక నేను. వంతెన దగ్గర గొర్రెలో ఏవో అడ్డం వచ్చాయట, బ్రేకు వేశాడు. నాకు తెలియలేదు."

"ఎందుకు తెలియలేదు?"

"తెలియలేదు, అంతే. ఆయన లైట్లే చూస్తూ వస్తున్నాను మేస్త్రిగారూ. రెండు ఎర్ర చుక్కలు. అవి అలాగే ఉన్నాయి, అలాగే ఉన్నాయి, ఉన్నట్టుండి దగ్గరకొచ్చేశాయి. నా కారు సరిగ్గా దాని బంపరుకే కొట్టుకుంది. లైట్ల అద్దాలకి గీత కూడా పడలేదు. బ్రేకు లైటు వెలగలేదని మొత్తుకున్నాను. పోలీసులకి చెప్పాను, అమ్మకి చెప్పాను, ఆయనకి చెప్పాను."

"ఏమన్నారు?"

"మర్నాడు స్టేషన్ దగ్గర బండి పరీక్ష చేశారు. బ్రేకు తొక్కితే లైటు బాగానే వెలుగుతోందని రాశారు. ఇంకేం చెప్పను? కునుకు పట్టి ఉంటుందన్నారు. ఫోను చూసుకుంటూ ఉందన్నారు. కొన్నాళ్ళు కాదని వాదించాను. తర్వాత ఓపిక పోయింది. నిజంగానే కునుకు పట్టిందేమో. ఎవరికి తెలుసు? మనకి కునుకు పట్టిన సంగతి మనకి తెలుస్తుందా?"

"అన్నయ్యగారేమన్నారు?"

"ఆస్పత్రిలో ఒకే ఒక్క మాట. 'పొద్దున్నే కొత్త బల్బులు వేశాను, వెలగలేదని ఎలా అంటావు?' అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మీరు పని చూడండి, చీకటి పడేలోపు వెళ్ళాలి."

"చూస్తున్నాను. ఇదిగో, అద్దం వచ్చేసింది. ఎంత బరువుందో చూడండి. దీన్నా కోసెయ్యమంటారు, రెండే రెండు స్క్రూలు... ఆగండి."

"ఏమైంది?"

"ఏం లేదు. ఆగండి. కళ్ళజోడు ఇటివ్వండి."

"తుప్పు పట్టిందా?"

"తుప్పు కాదు. ఈ బండిని ఇంతకుముందు ఎవరు రిపేరు చేసేవారు?"

"ఎవరినీ ముట్టుకోనివ్వడు. అన్నీ అన్నయ్యే. మెకానిక్కులంతా దొంగలంటాడు. మిమ్మల్ని కాదు."

"నన్ను కూడాలెండి. ఆ రోజు తర్వాత ఈ లైట్లు ఎవరైనా విప్పారా?"

"లేదు. రేకు పని కూడా ఆయన పక్కన కుర్చీ వేసుకుని చేయించాడు. వెనక వైపు చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎందుకు?"

"రెండోది కూడా విప్పి చూస్తాను. ఊఁ. ఇదీ అంతే."

"ఏది అంతే? మేస్త్రిగారూ, నాకు ఓపిక లేదు. చెప్పండి."

"చెబితే నమ్మరు, చూపిస్తాను. లేచి బండి వెనక నిలబడండి. ఆ షట్టరు సగం దించండి. నేను సీట్లో కూర్చుంటాను. హమ్మా, ఈ బండ్లు చేసినవాడికి నడుములు లేవు. వెనక్కి వెళ్ళారా?"

"ఆ."

"ఆ రోజు హెడ్‌లైట్లు వేసే ఉన్నాయిగా? సాయంత్రమన్నారు."

"వేసే ఉన్నాయి."

"ఇదిగో, వేశాను. వెనక ఎర్రగా వెలుగుతున్నాయా?"

"బాగా వెలుగుతున్నాయి."

"ఇప్పుడు బ్రేకు తొక్కుతాను. వెలుగు పెరగగానే చెప్పండి."

"తొక్కండి."

"..."

"తొక్కండి మేస్త్రిగారూ."

"తొక్కే ఉంచానమ్మా."

"లేదు. అలాగే ఉన్నాయి."

"వదిలాను. మళ్ళీ తొక్కాను. తేడా ఉందా?"

"అలాగే... అలాగే ఉన్నాయి."

"ఇప్పుడు హెడ్‌లైట్లు ఆర్పేశాను. బ్రేకు తొక్కుతున్నాను."

"వెలిగింది. చిన్నగా వెలిగింది."

"అదీ సంగతి. స్టేషన్ దగ్గర పట్టపగలు ఇలాగే తొక్కి చూసుంటారు. వెలుగుతోందని రాసుకుని వెళ్ళిపోయుంటారు."

"నాకు అర్థం కావడం లేదు."

"కూర్చోండి. ఇటు చూడండి. ఈ బల్బులో రెండు తీగలు. చిన్నది మామూలుగా వెలగడానికి, పెద్దది బ్రేకు తొక్కినప్పుడు. తిరగేసి పెడితే పెద్దది ఎప్పుడూ మండుతూ ఉంటుంది. బ్రేకు తొక్కితే దానికి చిన్నది తోడవుతుంది. అంత వెలుగులో అదేం తెలుస్తుంది?"

"తిరగేసి ఎలా పెడతారు?"

"పెట్టలేరు. అలా పెట్టకూడదనే ఈ పిన్నులు ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటాయి. తిరగేస్తే హోల్డర్లో కూర్చోదు. చూశారా, ఇక్కడ? పిన్నుని ఆకురాయితో అరగదీశారు. రెండిట్లోనూ. బల్బు ఎక్కకపోతే తిప్పి చూద్దామనుకోకుండా, బల్బే సరిగ్గా లేదనుకుని అరగదీసి, బలవంతాన తోశారు. నాలాంటివాణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే..."

"అన్నయ్య ఎవరినీ అడగడు."

"ఊఁ."

"అయితే నేను నిద్రపోలేదు."

"లేదమ్మా."

"నేను చూస్తూనే ఉన్నాను."

"చూస్తూనే ఉన్నారు. మీరు కాదు, ఎవరు వెనక ఉన్నా గుద్దేవారే. ఈ పొద్దున దీన్ని ఇక్కడిదాకా నడిపింది ఎవరు?"

"నేనే. పదకొండేళ్ళ తర్వాత రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకున్నాను. ఎద్దుబండిలా వచ్చాను. వెనక అందరూ హారన్లే."

"ఎద్దుబండిలా వచ్చారు కాబట్టి సరిపోయింది. ఏడవండి, పర్వాలేదు. ఆ గుడ్డ వద్దు, గ్రీజు. ఇది తీసుకోండి."

"అమ్మ పోయేముందు కూడా, 'వాడి కాలు జాగ్రత్తగా చూసుకో, నీ వల్లే కదా' అని పోయింది మేస్త్రిగారూ. సరేనన్నాను. పదకొండేళ్ళు. నాకు ముప్పై రెండప్పుడు."

"నీళ్ళు తాగండి."

"అన్నయ్యని అనకండి. తెలియక చేశాడు."

"నేనేం అనలేదు."

"పాపం, ఆయనకీ తెలియదు కదా. చెల్లెలు తన కాలు పోగొట్టిందని లోపల్లోపల కుమిలిపోతూనే ఉన్నాడు. అయినా ఒక్కనాడు తిట్టలేదు. ఇప్పుడు మనసు కరిగి బండి కూడా ఇచ్చాడు. ఫోను చేసి చెప్పేస్తాను. ఎవరి తప్పూ కాదు, బల్బుది అని చెబుతాను. ఆయనకీ బరువు దిగుతుంది."

"ఇంటికెళ్ళి, పక్కన కూర్చుని చెప్పండి. ఫోన్లో ఎందుకు?"

"ఆగలేను. స్పీకర్లో పెడతాను, ఆ పిన్నుల సంగతి మీరే చెప్పాలి. నాకు సరిగ్గా రాదు. రింగవుతోంది... అన్నయ్యా!"

"ఏమ్మా, అయిపోయిందా? కోసేశాడా?"

"అన్నయ్యా, నీకో మాట చెప్పాలి. ముందు కూర్చో. కూర్చున్నావా?"

"కూర్చునే ఉన్నాను. పాతవి కోసేశాడా లేదా?"

"కోయలేదు. మేస్త్రిగారికి అద్దాలు నచ్చి, ఉంచేద్దామని విప్పారు. అన్నయ్యా, లోపల బల్బులు..."

"విప్పాడా?"

"ఆ, రెండూ విప్పారు. నీ తప్పేం లేదు, నువ్వు బాధపడకూడదు. ఆ రోజు..."

"..."

"అన్నయ్యా? లైన్లో ఉన్నావా?"

"పదకొండేళ్ళలో నిన్ను అడిగింది ఒక్కటే, అవి విప్పకుండా కోయించి పారెయ్యమని. అదొక్కటీ వినలేకపోయావా అమ్మడూ?"