రాణి ఏడవకూడదట

కంటి ఆసుపత్రి, మేడ మీది గది. మంచం మీద కంటికి కట్టుతో ఒకావిడ; పక్కనే ముక్కాలిపీట మీద ఆవిడ భర్త, దర్జీ. కత్తెర పక్కన పెట్టి చాలా కాలమైంది గాని, నాలుక పదును ఇంకా తగ్గని మనిషి.

"నేనా? ఏడవడమా? నా కంట్లోంచి చుక్క నీరు రాబట్టే సీరియలు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదే! కొరియా వాళ్ళు కాదు కదా, వాళ్ళ తాతలు దిగొచ్చి తీసినా సరే. నేను ఉల్లిపాయ తరిగితే నన్ను చూసి ఉల్లిపాయే ఏడవాలి."

"మీ గొప్పలు తర్వాత. నిన్నటి భాగం చెప్పండి ముందు. పిల్లకెలా ఉంది?"

"ఏ పిల్లకి?"

"ఏ పిల్లేమిటి! రాజుగారి కూతురు. మశూచి వచ్చిందని పోయిన వారం గది తలుపులు మూసేశారుగా. తల్లిని కూడా లోపలికి రానివ్వలేదుగా. నాకు ఆపరేషను భయం కన్నా ఆ బెంగే ఎక్కువైంది."

"చెప్తా. ముందు ఒప్పందం. డాక్టరు బయటికి పిలిచి నాతో ఏమన్నాడు? రేపు కట్టు విప్పేదాకా మీ ఆవిడ ఏడవకూడదు, చుక్క నీరు వచ్చిందా, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అన్నాడు."

"నాతో ఆ మాట అనలేదే."

"నీతో ఎందుకంటాడు? బాధ్యత తెలిసిన మనిషితో అంటాడు."

"సరే, ఏడవను. చెప్పండి."

"అయితే విను. రాజవైద్యుడు మూలిక కోసం కొండకి బయల్దేరాడు. ఆ గుర్రం చూడాలే! నల్లగా, ఇనప్పెట్టెలా ఉంది. దారిలో వాగు అడ్డమొచ్చింది. ఒక్క గెంతు! వాగు దాటి, ఊరు దాటి, అవతలి కొండ మీద దిగింది. గాల్లో ఉండగా వైద్యుడు ఓ కునుకు కూడా తీశాడు."

"కునుకా!"

"నెత్తి మీద టోపీ కదిలితే ఒట్టు. ఆ టోపీని మెచ్చుకోవాలి. గడ్డం కింద పూసల తాడుతో కట్టుకుంటారు చూడు, మంచి పనితనం."

"టోపీ సంగతి నాకెందుకు? మూలిక దొరికిందా?"

"దొరక్క! నూరాడు, వడగట్టాడు, పిల్ల నోట్లో పోశాడు. పిల్ల లేచి కూచుని 'జావ' అంది. గిన్నెడు తాగి ఇంకో గిన్నె అడిగింది."

"లేచిందా? నిజంగా లేచిందా?"

"లేవడమేమిటి! కోటలో బియ్యం చాలక పక్క రాజ్యం నుంచి తెప్పించారు."

"పక్క రాజ్యంతో యుద్ధంగా!"

"యుద్ధం ఆపి మరీ పంపారు. చిన్నపిల్ల ఆకలంటే శత్రువుకైనా జాలి ఉండదూ?"

"మరి తల్లి?"

"తల్లికేం? తల్లి బాగానే ఉంది. నారింజ ఒలిచాను, ఒక తొన తింటావా?"

"తొన వద్దు. తల్లి లోపలికి వెళ్ళిందా లేదా?"

"వెళ్ళింది, వెళ్ళింది."

"వెళ్ళి ఏమంది?"

"వాళ్ళ భాషలో ఏదో అంది."

"కింద అక్షరాలు వస్తాయిగా! నాకు కళ్ళు మసకేసినప్పట్నుంచీ మీరే చదివి వినిపిస్తున్నారుగా. ఆ రాజు 'ఊఁ' అని ఊరుకుంటే మీరు అరపేజీ చదివేవారు. ఇవాళ రాణికి ఒక్క మాటా లేదా?"

"నిన్న అక్షరాలు మరీ పరిగెత్తాయే. ఇదిగో, మెట్లు దడదడలాడుతున్నాయి. మీ చెల్లెలే అయ్యుంటుంది."

"అక్కా! అయ్యో అక్కా! నువ్వు చూడకపోవడమే మంచిదయింది! రాత్రంతా నా దిండు తడిసిపోయింది. బంగారం లాంటి పిల్లని పొట్టన పెట్టుకున్నారు కదే..."

"మరదలు పిల్లా! నోరు! నోరు!"

"నోరేమిటి బావా? ఆ రాజు నెత్తిన ఇంత మన్ను పొయ్య..."

"నోరు కుట్టేస్తాను! సూది ఇప్పటికీ నా జేబులోనే ఉంది!"

"పోయిందా?"

"అక్కా..."

"చెల్లీ, పిల్ల పోయిందా?"

"బావ చెప్పలేదా?"

"మీ బావ జావ తాగించాడు."

"జావా!"

"రెండు గిన్నెలు. పక్క రాజ్యం బియ్యంతో."

"మరి నన్నేం చెయ్యమంటావు? మీ అక్క ఏడవకూడదన్నాడు డాక్టరు. నేను కోటలు కట్టుకుంటూ వస్తుంటే నువ్వొచ్చి గుమ్మంలోంచే శోకాలు మొదలెట్టావు."

"అయ్యో, నాకేం తెలుసు! ఏడవకక్కా. నేనూ ఏడవను. ఇదిగో, తుడిచేసుకున్నా. అయినా నేనొక్కదాన్నేనా? బస్సులో ఇద్దరమ్మాయిలు ఫోనులో ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వెక్కుతున్నారు. కండక్టరు టిక్కెట్టు అడగలేక పక్కకి పోయి నిలబడ్డాడు పాపం."

"నేనేం ఏడవటం లేదు. మీ బావ కూడా ఏడవలేదుట. ఆయన్ని ఏడిపించే సీరియలు భూమ్మీద పుట్టలేదుట."

"ఎవరూ, ఈయనా! తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడక్కా! పక్కనే ఉన్నాను నేను. ఏమైంది బావా అంటే పొలమారిందన్నాడు. ఏం తిన్నాడని పొలమారడానికి? చేతిలో ఏమీ లేదు, నోట్లో తువ్వాలు తప్ప."

"ఏడ్చానే తల్లీ, ఏడ్చాను! ఎలా ఏడ్చాననుకున్నావు? వాన మొదలైందనుకుని పక్కింటావిడ ఆరేసిన బట్టలు లోపలికి తీసేసుకుంది. తువ్వాలు పిండితే రెండు బకెట్లు నిండాయి. ఇంట్లో నేల ఇంకా ఆరలేదు, జారిపడతారు, జాగ్రత్తగా నడవండి."

"ఇందాక ఉల్లిపాయలే ఏడవాలన్నారు?"

"అవీ ఏడ్చాయి. అందరం కలిసే ఏడ్చాం."

"సరే, ఇంక దాపరికాలు వద్దు. చెల్లీ, నువ్వు చెప్పు. ఎలా పోయింది?"

"చెప్పనా బావా?"

"నన్నడుగుతావేం? నేను చెబితే గుర్రాలు ఎగురుతాయి."

"గుర్రమా? నిన్న అసలు గుర్రమే లేదు."

"గుర్రం కూడా లేదా!"

"ఉంది. ఓ మూల కట్టేసి ఉంది. మీ చెల్లెలు సరిగ్గా చూసుండదు."

"నువ్వుండు బావా. అక్కా, తలుపు అవతల పిల్ల, ఇవతల రాణి. అంటుకుంటుందని లోపలికి పంపరు. మూలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఆవిడ ఊరికే కూచోలేక పిల్ల అంగీ ఒళ్ళో వేసుకుని ఏదో కుడుతూ..."

"కుట్టడం కాదు. విప్పడం."

"ఏమిటి బావా?"

"ఆవిడ కుట్టట్లేదమ్మా, విప్పుతోంది. అంగీ అంచు లోపలికి గుడ్డ మడిచి వదిలారు. ఒక్కొక్క కుట్టూ కోసి ఆ అంచు దించుతోంది. జ్వరంలో పిల్లలు పొడుగు సాగుతారంటారు కదా. లేచేసరికి పాతది పొట్టిదైపోతుందని."

"ఓహో, అదా! నేనేదో కుడుతోందనుకున్నా."

"ఎంత వదిలారండీ లోపల?"

"జానెడుంటుంది."

"జానెడా!"

"అదంతా దించి, అరచేత్తో సాపు చేసి, మోకాళ్ళ మీద పరుచుకుందక్కా. అప్పుడు తెరుచుకుంది తలుపు. వైద్యుడు బయటికొచ్చి ఆవిడ ముందు నేలకి నుదురు ఆనించాడు. అంతే."

"అంతేనా?"

"అంతే అక్కా."

"రాణి ఏమంది?"

"అననిస్తేగా! మర్నాడు పెద్ద కొలువట. ఎక్కడెక్కడి దూతలో వచ్చారట. రాజు వచ్చి చెవిలో చెప్పాడు, నువ్వు ఏడవకూడదు, రాణి ఏడిస్తే రాజ్యానికి మంచిది కాదు అని. ముఖానికి తెల్లగా పూసి, నెత్తిన బండంత జడచుట్ట పెట్టి, తెచ్చి సింహాసనం పక్కన కూచోబెట్టారు. కన్ను ఆర్పదక్కా! బొమ్మే! కన్నతల్లిని ఏడవనివ్వని వాడు ఏం రాజే వాడు?"

"ఊరికే తిట్టకు. రాజు కష్టం రాజుకుంటుంది."

"ఏం కష్టం బావా? ఒక్క చుక్క రాల్చాడా?"

"వాడూ కూచున్నాడు కదా పక్కన."

"కూచున్నాడు! పీటలా కూచున్నాడు. నువ్వేమిటి, నిన్నటి నుంచీ వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావు?"

"చెల్లీ."

"ఆఁ, అక్కా."

"ఫ్లాస్కులో వేడినీళ్ళు అయిపోయాయి. కింద పోస్తారు, కాస్త పట్టుకురా."

"ఇప్పుడేగా ఆయాసపడుతూ ఎక్కొచ్చా! సరే సరే, తెస్తాను. బావా, నేనొచ్చేలోపు అక్కని మళ్ళీ గుర్రం ఎక్కించకు."

"నువ్వు మెట్ల మీద మెల్లగా కాలెయ్యి. ఆసుపత్రి పడిపోతే నీతో చుట్టరికం చెప్పుకోను."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. దిగుతోంది. ఆ మెట్లకే నోరుంటేనా..."

"ఏమండీ, మన గుండీకి ఎంత వదిలాం?"

"ఏమిటి?"

"మన గుండీ. మన పిల్ల. ఆ చివరి గౌనుకి అంచు లోపల ఎంత గుడ్డ వదిలాం?"

"నారింజ ఎండిపోతోంది. ఒక్క తొన..."

"దాని మాటెత్తితే చాలు, మీకు ఏ నారింజో గుర్తొస్తుంది. కత్తిరించింది మీరు. చెప్పండి."

"జానెడు."

"నాలుగేళ్ళ పిల్లకి జానెడు ఎవరైనా వదులుతారా? పెళ్ళిదాకా దీనికి ఇదే తొడుగుతారా అని నవ్వాను నేను."

"నవ్వావు."

"మీరేమన్నారు?"

"ఏదో కోత కోసుంటాను."

"నా కూతురు తాటిచెట్టంత పొడుగవుతుంది, జానెడేం చాలుతుంది అన్నారు. అది మన కాళ్ళ దగ్గర కూచుని, కింద రాలిన గుండీలన్నీ ఏరి జేబులో పోసుకుంటూ, 'తాటిచెట్టంటే ఎంత నాన్నా' అంది."

"ఇప్పుడెందుకే ఇవన్నీ?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆ తర్వాత మీరు చిన్నపిల్లల బట్ట ఒక్కటి కుట్టలేదు. ఎవరు తెచ్చినా, నా టేపు పెద్దదమ్మా, చిన్న కొలతలు దీనికి అందవు అనేవారు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని."

"మంచి హాస్యమే అది. బాగా పేలేది."

"బాగానే పేలేది. ఆసుపత్రి నుంచి ఉత్తి చేతులతో వచ్చిన రోజు గుర్తుందా? పెళ్ళివాళ్ళు కొట్టు ముందు కూచుని ఉన్నారు."

"పెళ్ళికొడుకు పట్టుకోటు కోసం. వాళ్ళకి తెలీదు పాపం."

"మీరూ చెప్పలేదు. గంటలో ఇచ్చేస్తామన్నారు. తెచ్చి నా ఒళ్ళో వేశారు. కాజాలు మిగిలాయి, గుండీలు పట్టేలా చూసి కుట్టు, ఏడవకు, పట్టు మీద కంటినీరు పడితే మరక పోదు అన్నారు."

"పోదుగా మరి."

"పోదు. నిజమే. కుట్టాను. ఆ కోటు మీద ఒక్క మరక లేదు."

"లేదు. అంత అందమైన కాజాలు నువ్వు మళ్ళీ కుట్టలేదు కూడా."

"అప్పుడు పట్టన్నారు. ఇప్పుడు కట్టంటున్నారు. మీ దగ్గర ఎప్పుడూ తడవకూడనిది ఏదో ఒకటి ఉంటుంది."

"ఈ ఫ్యానేదో కిర్రుమంటోంది. ఎవర్నైనా పిలుచుకొస్తా."

"కూచోండి. ఫ్యానుకేమీ కాలేదు. నిన్న తువ్వాలు కుక్కుకున్నది ఎవరి కోసం?"

"ఆ రాజు కూతురి కోసం. ఇంకెవరి కోసం?"

"నాతో కూడా అబద్ధమేనా?"

"ఆ అంచు విప్పుతుంటే చూడలేకపోయానే. పైగుడ్డ రంగు వెలిసి ఉంటుంది. లోపల దాచిన ముక్క మాత్రం కొత్త బట్టల తాను విప్పిన రోజు ఎలా ఉందో అలాగే మెరుస్తుంది. ఎండ చూడని గుడ్డ కదా. దాన్ని దగ్గరగా చూపించారు. అంత దగ్గరగా చూపించక్కర్లేదు."

"మీకు ఏడుపు వస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు."

"నువ్వు మొదలెడితే నేను ఆగలేనని భయం. ఇద్దరం కూలబడితే కొట్టెవరు తెరుస్తారు చెప్పు?"

"కొట్టు మూసేసి ఎంత కాలమైంది?"

"చాలా కాలమైంది."

"మరి?"

"మీ చెల్లెలు వచ్చేస్తుందేమో."

"రానివ్వండి. రేపు కట్టు విప్పాక ఏడుస్తాను లెండి. ఇన్నేళ్ళు ఆపినదాన్ని, ఒక్క రాత్రి ఆపలేనా? డాక్టరు మాట కాదనకూడదు."

"కన్ను నలపొద్దన్నాడు. బరువులెత్తొద్దన్నాడు. ముందుకి వంగొద్దన్నాడు. ఇవన్నీ డాక్టరన్నవే, ఒట్టు. ఏడవొద్దన్న మాట ఒక్కటే అతనన్నది కాదే... అది నేను కల్పించాను."