రేపు కాలువ కట్టేస్తారు

వేసవికి కాలువ కట్టేసే ముందురోజు ఊరి మంచినీళ్ల చెరువు నిండింది. చేపల చెరువుల రైతు తూము దగ్గర చెంబుతో నీళ్లు ముంచి నోట్లో పోసుకుని, థూ అని ఉమ్మేశాడు.

"ఛీ ఛీ! ఏంటీ కంపు? మీ పేటోళ్లు కాలవలో గేదెల్ని దింపారా?"

బిందెతో వచ్చిన కూలిమనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"గేదెలు దిగితే బురద వాసనండి బాబూ. ఇది కుళ్లిన చేపల కంపు."

"నా చెరువు అడుగునీళ్లు నిన్న మురుక్కాలవలోకి వదిలాను. మంచికాలవలో చుక్క పడలేదు!"

"ఆ రెంటికీ మధ్య గట్టు లేదు కదండీ."

"లేకపోవడమేంటి?"

"మొన్న చేపల లారీ దిగడానికి మీ మేస్త్రీ తవ్వించేశాడండి. మట్టి మోసింది నేనే."

"నాకు చెప్పి చావొద్దూ?"

"మీరు నీళ్లొదులుతున్నట్టు మాకు చెప్పారేంటండీ?"

అతను నిండిన చెరువుకేసి చూశాడు. మళ్లీ కాలువ వదిలేదాకా రెండు నెలలూ ఊరంతటికీ ఇవే నీళ్లు. మళ్లీ ఉమ్మాడు. నోట్లో కంపు పోలేదు.

"ఇంతకీ ముంచమంటారాండి?"

"నన్నడుగుతావేంటి?"

"బిందె మీ ఇంటిదేనండి. అమ్మగారు తాగడానికి తెమ్మన్నారు."